కలబంద మట్టలో రెండు మందులున్నాయి, మీ నాన్నగారు తాగుతున్నది ఏదో ముందు చూడండి

అమ్మా, మీరు రాసినదంతా చదివాను. మీ నాన్నగారికి అరవై దాటాయి, షుగరుకీ బీపీకీ మాత్రలు వాడుతున్నారు, పొద్దునే వాకింగుకి వెళ్ళి గ్రౌండు బయట అమ్మే కలబంద జ్యూసు ఖాళీ కడుపున తాగుతున్నారు, కొన్నాళ్ళుగా విరేచనాలు ఎక్కువయ్యాయి, రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తున్నాయి, మానమంటే 'ఒంట్లో చెడంతా పోతోంది, మంచిదే' అంటున్నారు. బాబుకి నిన్న బండి సైలెన్సర్ తగిలి పిక్క మీద కాలింది, అత్తగారు కలబంద రాయమంటున్నారు. వదినకి ఐదో నెల, తాగొచ్చా, ముఖానికి రాసుకోవచ్చా అని అడుగుతోంది. ఇంకా చుండ్రు, అంగట్లో దొరికే జెల్లు, మేడ మీద కుండీలో మొక్క ఎందుకు కుళ్ళిపోతోంది అని కూడా అడిగారు. తిరుపతిలో చాలా ఏళ్ళుగా ఆయుర్వేద వైద్యం చేస్తున్నాను కాబట్టి అన్నిటికీ నాకు తెలిసినంత చెబుతాను, కానీ మీ నాన్నగారి సంగతి మాత్రం ముందు, మిగతావి రెండు రోజులు ఆగినా ఫరవాలేదు.

ఆ జ్యూసు రేపటి నుంచి వద్దు. మాత్రలు మాత్రం ఒక్కటి కూడా ఆపకండి. ఇవాళో రేపో దగ్గర్లో ఉన్న ల్యాబులో సీరం ఎలక్ట్రోలైట్స్ (రక్తంలో పొటాషియం లాంటి ఉప్పులు), క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు) పరీక్షలు చేయించి, ఆ కాగితం తీసుకుని ఆయనకి షుగరు, బీపీ చూసే డాక్టరు దగ్గరికే వెళ్ళండి. పొటాషియం 3.5 కంటే తక్కువ వస్తే ఆ పిక్కల నొప్పికి కారణం దొరికినట్టే. ఇంకో పని చేయండి, ఆయన బీపీ మాత్రల షీటు వెనక చదవండి. పేరు చివర 'హెచ్' అని ఉందా, లేకపోతే హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్తాలిడోన్, ఫ్రూసెమైడ్ అని ఎక్కడైనా ఉందా? ఇవి మూత్రం ఎక్కువగా పోయించి బీపీ తగ్గించే మందులు, వీటితో పొటాషియం కొంత ఎలాగూ పోతుంది. అటు మూత్రంలో, ఇటు విరేచనాల్లో, రెండు వైపులా పోతుంటే పెద్ద వయసువాళ్ళు తట్టుకోలేరు. నీరసం, పిక్కలు పట్టడం మొదటి గుర్తులు, ఆ తర్వాత గుండె దడ, లయ తప్పడం దాకా పోతుంది. గుండెకి డిగాక్సిన్ మాత్ర వాడేవాళ్ళకైతే ఇది మరీ ప్రమాదం. గుండె దడగా ఉందన్నా, కళ్ళు తిరిగి పడబోయినా పరీక్షల కోసం ఆగకుండా రుయాకో, స్విమ్స్‌కో, దగ్గర్లో ఏ పెద్దాసుపత్రి ఉంటే అక్కడికో ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.

షుగరు సంగతి కూడా ఉంది. గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని, పైన షుగరు కాస్త తగ్గించే కలబంద తాగి, విరేచనాల వల్ల తిండి సరిగ్గా ఎక్కకపోతే షుగరు ఉన్నట్టుండి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, మాట తడబడటం కనిపిస్తే వెంటనే గ్లూకోమీటరుతో చూడండి, 70 కంటే తక్కువుంటే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి. ఒకవేళ మెట్‌ఫార్మిన్ వాడుతున్నట్టయితే అది కూడా కొందరికి విరేచనాలు తెప్పిస్తుంది, కాబట్టి తప్పంతా జ్యూసుదేనని నేను ఇక్కడి నుంచి తేల్చి చెప్పలేను. కానీ జ్యూసు మానిన మూడు నాలుగు రోజుల్లో కడుపు కుదుటపడితే ఆయనకే అర్థమవుతుంది, మీరు పోట్లాడాల్సిన పనుండదు.

ఇప్పుడు అసలు సంగతి. కలబంద మంచిదా చెడ్డదా అని అడిగినప్పుడల్లా నేను తిరిగి అడిగేది ఒకటే, 'మట్టలో ఏ భాగం?' అని. ఒక మట్ట కోసి చూడండి. మొదట్లో కోసిన చోట, ఆకుపచ్చ తొక్కకి ఆనుకుని లోపల వరసగా చిన్న చిన్న చుక్కల్లా పసుపుపచ్చ పసరు ఊరుతుంది. ఒక్క నిమిషంలో అది జారి గిన్నెలో పడుతుంది, వేలికి అంటితే జిగురుగా ఉంటుంది, గాలికి ఆరేకొద్దీ ముదురు గోధుమరంగుకి తిరుగుతుంది, నాలుకకి తగిలితే చేదు గంటసేపు పోదు. ఇది ఒక మందు. దాని లోపల, మధ్యలో, నీళ్ళలా తెల్లగా, గాజులా మెరుస్తూ, వేళ్ళ మధ్య జారిపోయే గుజ్జు ఉంటుంది, దానికి రుచీ వాసనా పెద్దగా ఉండవు. ఇది ఇంకో మందు. రెండిటి మధ్య గట్టి గోడేమీ లేదు, కత్తి కాస్త అటూ ఇటూ అయితే ఒకటి ఇంకోదానిలో కలిసిపోతుంది. కలబంద గురించి మీరు విన్న మంచీ చెడూ అంతా ఈ రెండిటినీ కలిపేసి ఒకే పేరుతో చెప్పడం వల్ల వచ్చిన గందరగోళమే.

గుజ్జులో వందకి 98 పాళ్ళకు పైగా నీళ్ళే. మిగిలిన ఆ కొంచెంలోనే పనంతా ఉంది, అసిమన్నాన్ అనే జిగట పదార్థం ముఖ్యమైనది. చర్మం మీద పల్చని పొరలా పట్టి తేమని పోనివ్వదు, మంట తగ్గిస్తుంది, కొత్త చర్మం పుట్టే కణాలకి సాయపడుతుంది. పసరులో ఉండేది అలోయిన్, దాని జాతి పదార్థాలు. ఇవి కడుపులోనూ చిన్నపేగులోనూ పెద్దగా ఏమీ చేయవు, పెద్దపేగుకి చేరాక అక్కడి సూక్ష్మజీవులు వీటిని విడగొడతాయి, అప్పుడు పేగు గోడ రేగి నీళ్ళు వదులుతుంది, గట్టిగా కదులుతుంది. అందుకే తాగిన ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత విరేచనం అవుతుంది. మీ నాన్నగారు పొద్దున తాగితే సాయంత్రం, రాత్రి బాత్రూముకి తిరగడం ఈ లెక్కకి సరిపోతోంది. ఆయన 'చెడు పోతోంది' అనుకుంటున్నది నిజానికి ఒంట్లోని నీళ్ళు, ఉప్పులు. రక్తంలోని మలినం తీసే పని లివరుదీ మూత్రపిండాలదీ, విరేచనాలతో అది జరగదు. రోజూ నీళ్ళ విరేచనాలైతే ఆ మూత్రపిండాలకే దెబ్బ.

ఈ పసరుని ఎండబెట్టిందే మన మూలికల అంగళ్ళలో నల్లగా, గాజు పెంకుల్లా మెరుస్తూ దొరికే ముసాంబరం. ఆయుర్వేదంలో దీన్ని మలాన్ని కదిలించి తోసే మందుల్లోనే లెక్కపెడతారు, తూకం చూసి, మనిషిని చూసి, కొద్ది రోజులకే ఇస్తారు. బలమైన మందు కాబట్టే మా గురువులు అంత జాగ్రత్త నేర్పారు, దాన్నే గ్లాసుల్లో పోసి రోజూ తాగించడం ఏ వైద్యంలోనూ లేదు. అమెరికాలో కలబంద పసరుతో చేసిన విరేచనం మందులు మామూలుగా అంగట్లో అమ్మేవాళ్ళు, భద్రతకి సరైన ఆధారాలు లేవని 2002లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాటిని తీసేయించింది. తర్వాత పసరు తీయకుండా మట్ట మొత్తం రుబ్బిన సారాన్ని రెండేళ్ళపాటు ఎలుకలకి నీళ్ళలో కలిపి ఇస్తే పెద్దపేగులో కంతులు వచ్చాయి. దాని ఆధారంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆ రకం సారాన్ని '2బి' జాబితాలో పెట్టింది, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండొచ్చు అని. ఇది చదివి భయపడి మొక్క పీకి పారేయకండి. ఆ మాట పసరుతో సహా నోటి ద్వారా తీసుకునే సారం గురించి, చర్మానికి రాసుకునే గుజ్జు గురించి కాదు.

బండి మీద జ్యూసు ఎలా చేస్తారో ఒకసారి మీరే నిలబడి చూడండి. కొందరు శ్రద్ధగా తొక్క తీసి, కడిగి, గుజ్జు మాత్రమే వేస్తారు. కొందరు ముళ్ళు చెక్కేసి, మట్టని ముక్కలు చేసి తొక్కతోనే మిక్సీలో వేసేస్తారు, అందులో ఉసిరి, నిమ్మరసం కలిపితే చేదు తెలియదు. ఏ గ్లాసులో పసరు ఎంత పడిందో అమ్మేవాడికీ తెలియదు, తాగేవాడికీ తెలియదు. నాకు అభ్యంతరం అక్కడే. షుగరుకి కలబంద పనిచేస్తుందా అంటే, థాయ్‌లాండులోనూ ఇతర చోట్లా చిన్న చిన్న పరీక్షల్లో పరగడుపు షుగరు కొంత తగ్గిన మాట నిజమే, కానీ అది మాత్ర మానేసేంత పెద్ద ఫలితం కాదు. రిపోర్టులు బాగుండి, డాక్టరు సరేనంటే, ఇంట్లో బాగా కడిగిన గుజ్జు రెండు చెంచాలు మజ్జిగలో వేసుకుని వారానికి ఒకటి రెండు సార్లు తాగితే ఆయన సరదా తీరుతుంది. కానీ మందులా రోజూ మాత్రం వద్దు. లివరు జబ్బున్నవాళ్ళు, మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు, పేగు పూతలున్నవాళ్ళు, రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్ళు అసలు తాగకూడదు. రోజూ నెలల తరబడి తాగిన కొందరికి లివరు వాచిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి, మానేశాక తగ్గింది.

ఇంట్లో గుజ్జు తీసే పద్ధతి చెబుతాను, రాసుకోవడానికైనా ఇదే పద్ధతి. మొక్కకి బయటివైపు, అడుగున ఉన్న లావు మట్ట తీసుకోండి, మధ్యలో లేతవి ముట్టుకోకండి. మొదలంటా కోసి, కోసిన వైపు కిందికి వచ్చేలా ఒక గ్లాసులో నిలబెట్టి అరగంట వదిలేయండి. గ్లాసు అడుగున పసుపుపచ్చ నీరు చేరుతుంది, అది పారబోయండి. తర్వాత అడుగున తెల్లగా ఉన్న భాగం ఒక అంగుళం, కొన భాగం కాస్త కోసేయండి, రెండు పక్కలా ముళ్ళ అంచులు తీసేయండి. చదునుగా ఉన్న వైపు తొక్కని కత్తితో ఒలవండి, ఇక్కడ పొదుపు చూసుకోవద్దు, తొక్కతోపాటు కాస్త గుజ్జు పోయినా పోనివ్వండి, ఎందుకంటే పసరు ఉండేది సరిగ్గా ఆ తొక్క కిందే. గుజ్జు పలకలా ఊడి వస్తుంది. దాన్ని మంచినీళ్ళలో రెండు మూడు సార్లు కడగండి, పచ్చని చారలు కనిపిస్తే గీకేయండి. చివరగా కొంచెం నాలుక కొసకి తాకించండి, చేదుంటే ఇంకా పసరుందన్నమాట, మళ్ళీ కడగండి. ఎప్పటికప్పుడు తీసుకున్నదే మంచిది. ఫ్రిజ్‌లో మూత పెట్టి రెండు రోజులు, అంతకంటే వద్దు. రంగు గులాబీకి తిరిగినా, పుల్లటి వాసన వచ్చినా పారేయండి.

ఇక బాబు కాలు. నిన్న కాలింది కాబట్టి చల్లార్చే సమయం దాటిపోయింది, కానీ ఇంట్లో బండి ఉంది కాబట్టి ఇది గుర్తు పెట్టుకోండి: కాలిన వెంటనే కుళాయి కింద పెట్టి ఇరవై నిమిషాలు నీళ్ళు పారనివ్వాలి, అయిదు నిమిషాలతో ఆపకూడదు. కాలిన మూడు గంటల లోపల ఎప్పుడు చేసినా ఉపయోగమే. ఐసు ముక్క, టూత్‌పేస్టు, సిరా, కాఫీపొడి, పసుపు ఇవేవీ వద్దు, ఆసుపత్రిలో వాటిని గీకి తీయడమే పిల్లలకి ఇంకో నరకం. కలబంద కూడా ఆ నీళ్ళ తర్వాతే. ఎర్రబడి మండుతూ ఉండి చర్మం చెదరకపోతే, పైన చెప్పినట్టు కడిగిన గుజ్జు రోజుకి మూడు నాలుగు సార్లు పల్చగా రాయండి, మంట లాగేస్తుంది, బాబు నిద్రపోతాడు. కాలిన గాయాల మీద జరిగిన నాలుగు పరీక్షల్ని, మొత్తం 371 మందిని కలిపి 2007లో సమీక్షిస్తే, కలబంద వాడినవాళ్ళకి మామూలు చికిత్స కంటే సగటున తొమ్మిది రోజులు ముందుగా మానిందని తేలింది. ఆ నాలుగు పరీక్షలూ ఒకే పద్ధతిలో జరిగినవి కావు కాబట్టి ఆ తొమ్మిది రోజులు గ్యారంటీ అని చెప్పను, కానీ పై పైన కాలినవాటికి ఇది పనిచేస్తుందన్న మాట మీద నాకు అనుమానం లేదు.

మీరు బొబ్బ లేచిందని రాశారు. బొబ్బని చిదమకండి. అది చెదరకుండా ఉన్నంతకాలం చుట్టూ ఎర్రగా ఉన్నచోట గుజ్జు రాయొచ్చు. బొబ్బ పగిలి లోపలి చర్మం కనిపిస్తుంటే మాత్రం కుండీలోంచి కోసిన గుజ్జు వద్దు, ఎంత కడిగినా అందులో సూక్ష్మజీవులు లేవని చెప్పలేం. శుభ్రమైన నీళ్ళతో కడిగి, అంటుకోని గాజుగుడ్డ కప్పి డాక్టరుకి చూపించండి. సైలెన్సర్ కాలిన గాయం పైకి చిన్నదిగా ఉన్నా లోపలికి ఎక్కువ దిగుతుంది. తెల్లగా, తోలులా గట్టిగా ఉండి, ముట్టుకున్నా నొప్పి తెలియడం లేదంటే తగ్గిందని సంతోషపడొద్దు, లోతుగా కాలిందని అర్థం. బాబు అరచెయ్యి కంటే పెద్దగా ఉన్నా, మోకాలి మడత మీదికి పోయినా, చీము కనిపించినా, జ్వరం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. టీటీ గురించి కూడా అడగండి, టీకాల కార్డు తీసుకెళ్ళండి. రెండు వారాలైనా మానకపోతే సర్జన్‌కి చూపించాలి, ఆలస్యమైతే మచ్చ గట్టిపడి చర్మం ముడుచుకుపోతుంది.

ఆపరేషన్ కుట్లకి, లోతుగా తెగిన గాయాలకి కలబంద రాయొద్దు. ఇది చాలామందికి తెలియదు. సిజేరియన్ లాంటి ఆపరేషన్ల తర్వాత కుట్టు విడిపోయి తెరుచుకున్న గాయాల మీద 1991లో జరిగిన ఒక పరీక్షలో మామూలు డ్రెస్సింగుతో సగటున 53 రోజుల్లో మానితే, కలబంద జెల్లు రాసినవాళ్ళకి 83 రోజులు పట్టింది. అదే గుజ్జు, అదే మొక్క, కానీ గాయం లోతుని బట్టి ఫలితం తిరగబడింది. షుగరున్నవాళ్ళ కాలి పుండ్లకి కూడా ఇదే మాట, మీ నాన్నగారికి చెప్పి ఉంచండి, ఇంటి వైద్యం చేసుకుంటూ కూర్చుంటే వేలు పోతుంది. బెణుకులకి, కమిలిన వాపులకి ముసాంబరం నూరి, వేడిచేసి పట్టు వేయడం మన జిల్లాలో పాతకాలం నుంచీ ఉన్నదే, చర్మం చెదరని చోట గోరువెచ్చగా వేస్తే నాకు అభ్యంతరం లేదు. అయితే ఎముక విరిగిందో లేదో ఎక్స్‌రే తీయించకుండా పట్టు మీద పట్టు వేసుకోకండి, మీరు పుత్తూరు కట్టుకి వెళ్ళేవాళ్ళైనా సరే ఎక్స్‌రే చేతిలో పెట్టుకునే వెళ్ళండి.

మన ఊళ్ళో ఇంకో మంచి వాడకం ఉంది. కొండకి వెళ్ళి గుండు చేయించుకున్నాక బ్లేడు మంట, ఆ పైన ఎండ. మే నెలలో గుండుతో కిందికి దిగిన పిల్లల తల ఎర్రగా కంది ఉంటుంది. గంధం ఆరిపోయాక తల కడిగి చల్లటి గుజ్జు పల్చగా రాస్తే ఆ రాత్రికి హాయిగా ఉంటుంది. బ్లేడు తెగిన గాట్లుంటే వాటిని వదిలి రాయండి. గుజ్జు ఎండని ఆపదు, కందిన తర్వాత మంట తగ్గించడానికే పనికొస్తుంది, కాబట్టి ఎండలో తల మీద తువ్వాలో టోపీయో ఉండాల్సిందే. మెట్ల దారిలో ఎండకి మాడిన అరికాళ్ళకీ ఇదే. అసలు ఈ ఆకు మీద ఆధునిక వైద్యులకి ఆసక్తి పెరిగిందే ఇలాంటి మంటల వల్ల. 1935లో అమెరికాలో ఎక్స్‌రే కిరణాలతో చర్మం కాలిపోయిన ఒక రోగికి తాజా మట్ట వాడితే తగ్గిందని వైద్య పత్రికలో వచ్చింది, ఆ తర్వాతే పరిశోధనలు ఊపందుకున్నాయి.

సోరియాసిస్‌కి రాయొచ్చా అని చాలామంది అడుగుతారు. 1996లో 60 మంది మీద జరిగిన పరీక్షలో కలబంద క్రీము రాసినవాళ్ళలో వందకి 83 మందికి తగ్గింది, కలబంద లేని ఉత్త క్రీము రాసినవాళ్ళలో వందకి ఏడుగురికే. వినడానికి గొప్పగా ఉంది, కానీ 2005లో డెన్మార్క్‌లో అంగట్లో అమ్మే జెల్లుతో చేసిన పరీక్షలో కలబంద లేని ఉత్త జెల్లు కంటే మెరుగైన ఫలితం రాలేదు. అందుకే నేను దాన్ని మందుల పక్కన తేమ కోసం వాడమంటాను, మందులు మానేసి కాదు. మొటిమలకి కొందరికి వాపు తగ్గుతుంది. నోట్లో పూతకి, మంటకి చేదు లేని గుజ్జు కాసేపు పుక్కిలించి ఉమ్మేయడం మంచిదే.

వదిన సంగతి ఒక్క ముక్కలో: ముఖానికి రాసుకోవచ్చు, తాగకూడదు. పసరు పేగుని రేపినట్టే కటి భాగంలో రక్తప్రవాహాన్ని పెంచి గర్భాశయాన్ని కూడా కదిలించవచ్చు. ఆగిన నెలసరి రావడానికి ఇచ్చే రజఃప్రవర్తినీ వటి లాంటి మాత్రల్లో ముసాంబరం వేసేది ఆ గుణం కోసమే, కుమార్యాసవం కూడా కలబందతో చేసేదే. మరి అలాంటిది కడుపుతో ఉన్నమ్మాయికి ఎలా ఇస్తాం? 'సహజమైనది కదా, ఏమవుతుంది' అని ఎవరు చెప్పినా వినొద్దని చెప్పండి. బిడ్డకి పాలిస్తున్నన్నాళ్ళూ ఇదే నియమం. మలబద్ధకం కోసమే అడుగుతుంటే నీళ్ళు, ఆకుకూరలు, జామ, రాత్రి డాక్టరునడిగి ఇసబ్‌గోల్, ఇవి చాలు. ముఖానికి రాసేముందు మోచెయ్యి లోపలివైపు కాస్త రాసి ఒక రోజు చూడమనండి. ఉల్లి, వెల్లుల్లి చర్మానికి తగిలితే దద్దుర్లు వచ్చేవాళ్ళకి కలబంద కూడా పడకపోవచ్చు. దురద వచ్చే చాలామందికి అసలు కారణం గుజ్జులో మిగిలిపోయిన పసరే, కాబట్టి కడగడం ఇక్కడా ముఖ్యం. పొట్ట మీద చారలకి రాస్తే దురద తగ్గుతుంది, చారలు పోవు.

చుండ్రుకి స్నానానికి అరగంట ముందు మాడుకి పట్టించి కడిగేయండి, జిడ్డు చుండ్రులో పొలుసులు, దురద తగ్గినట్టు 1999లో ఒక పరీక్షలో తేలింది. జుట్టు కొత్తగా మొలుస్తుందన్నది మాత్రం ఎవరూ రుజువు చేయలేదు.

చిన్న హెచ్చరిక ఒకటి. పల్లెల్లో పొలం గట్ల మీద, రైలు కట్టల పక్కన పెద్ద పెద్ద మట్టలతో, కొసన నల్లటి గట్టి ముల్లుతో కనిపించేది కిత్తనార. దాన్ని కూడా కొందరు కలబంద అనే పిలుస్తారు. అది వేరే జాతి, తాళ్ళకి నార తీసేది. దాని రసం చర్మానికి తగిలితే సూదులు గుచ్చినట్టు దురద, బొబ్బలు. తేడా తెలుసుకోవడం సులభం, మట్టని విరిచి చూడండి. కలబంద మట్ట దోసకాయలా పటుక్కున విరిగి గుజ్జు కనిపిస్తుంది. కిత్తనార విరగదు, లోపలంతా నార సాగుతుంది. ఎవరో గట్టు మీద నుంచి తెచ్చిచ్చిన మట్ట పిల్లలకి రాసేముందు ఈ ఒక్క పని తప్పకుండా చేయండి.

అంగట్లో కొనే జెల్లు ఆకుపచ్చగా ఉందంటే అది రంగు కలిపినందువల్లే, అసలు గుజ్జుకి ఆ రంగు ఉండదు. డబ్బా వెనక పదార్థాల జాబితా చూడండి, ఎక్కువున్నది ముందు రాస్తారు. 'అలో బార్బడెన్సిస్ లీఫ్ జ్యూస్' మొదటి రెండు పేర్లలో ఉండాలి, చివర్లో ఎక్కడో ఉందంటే మీరు కొంటున్నది నీళ్ళూ సెంటూ. ఆల్కహాల్ ఉన్నది కాలిన చోట రాస్తే భగ్గుమంటుంది. తాగే జ్యూసు కొనాల్సి వస్తే 'ఇన్నర్ లీఫ్' (లోపలి గుజ్జు) అనో, 'డీకలరైజ్డ్' (పసరు వడకట్టి తీసేసినది) అనో, అలోయిన్ 10 పీపీఎం లోపల అనో రాసి ఉన్నదీ, ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళ పద్నాలుగు అంకెల నంబరు ఉన్నదీ చూడండి. 'హోల్ లీఫ్' అని మాత్రమే ఉండి మిగతా వివరం లేకపోతే వదిలేయండి. చక్కెర ఎంత కలిపారో కూడా చదవాలి, షుగరుకి మంచిదని కొన్న సీసాలోనే చక్కెర ఉన్న సందర్భాలు నేను చూశాను.

చివరగా మీ మేడ మీది మొక్క. ఇది అరేబియా వైపు ఎడారి నేలల్లో పుట్టిన మొక్క, మన ఎండకి బెదరదు, నీళ్ళకే బెదురుతుంది. పగలు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకుంటుంది, దాంతో ఒంట్లోని నీరు పోదు. దిష్టి కోసం గుమ్మానికి తలకిందులుగా కట్టిన మొక్క మట్టి లేకుండా నెలల తరబడి పచ్చగా ఉండేది అందుకే. మీరు రోజూ పోస్తున్న చెంబుడు నీళ్ళు దానికి శిక్ష. ఇప్పుడున్న కుండీలోంచి పీకి, మెత్తబడిన నల్లటి వేళ్ళు కోసేసి, నీడలో రెండు రోజులు ఆరనిచ్చి, ఎర్రమట్టిలో సగానికి సగం ఇసుక కలిపి, అడుగున చిల్లు ఉన్న కుండీలో మళ్ళీ నాటండి. మట్టి వేలెడు లోతు వరకూ పొడిగా ఉంటేనే నీళ్ళు, వేసవిలో వారానికి ఒకసారి, నవంబరు వానల్లో చూరు కిందికి జరిపేయాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నపు ఎండకి మట్టలు ఎర్రబడి సన్నబడతాయి, పొద్దుటి ఎండ మాత్రమే తగిలే చోటికి మారిస్తే మళ్ళీ పచ్చబడతాయి. ఏడాదిన్నర దాటి మట్ట చేతివేలు మందం కంటే లావెక్కేదాకా కోయకండి. చుట్టూ వచ్చే పిలకలు నాలుగు ఆకులేశాక విడదీసి వేరే కుండీల్లో పెట్టుకోవచ్చు. మీ నాన్నగారి రిపోర్టు వచ్చాక పొటాషియం, క్రియాటినిన్ అంకెలూ, ఆయన వాడే మాత్రల పేర్లూ ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.